పడకగది గోడలో చెమ్మ, అదుపులోకి రాని ఆస్తమా: ఎనిమిదేళ్ల పాప కేస్ స్టడీ

ఎనిమిదేళ్ల పాపను మా శ్వాసకోశ విభాగానికి పంపుతూ, అప్పటిదాకా ఆమెకు వైద్యం చేస్తున్న పిల్లల డాక్టర్ ఒకే ప్రశ్న రాశారు. తక్కువ మోతాదు పీల్చే స్టెరాయిడ్, దీర్ఘకాలం పనిచేసే బ్రాంకోడైలేటర్ (శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు) కలిసిన ఇన్‌హేలర్ వాడుతున్నా, దానిపైన మాంటెలుకాస్ట్ మాత్ర ఇస్తున్నా రాత్రి దగ్గు తగ్గడం లేదు కాబట్టి స్టెరాయిడ్‌ను మధ్యస్థ మోతాదుకు పెంచవచ్చా అన్నది ఆ ప్రశ్న. అడగదగిన ప్రశ్నే. ఆస్తమా మార్గదర్శకాలలో మెట్టుమెట్టుగా చికిత్స పెంచే దారి ఉంది. అయితే పై మెట్టుకు వెళ్లే ముందు నాలుగు సంగతులు సరిచూడాలని కూడా అవే మార్గదర్శకాలు చెబుతాయి: రోగ నిర్ధారణ సరైనదేనా, ఇన్‌హేలర్ సరిగా పీలుస్తున్నారా, మందు రోజూ పడుతోందా, ఇంట్లోనూ చుట్టుపక్కలా ఆస్తమాను రెచ్చగొట్టేవి ఏవైనా ఉన్నాయా. రద్దీగా ఉండే ఓపీలో మొదటి మూడింటికే సమయం చాలదు. నాలుగోదాన్ని "దుమ్ము, పొగ లేకుండా చూసుకోండి" అన్న ఒక్క మాటతో దాటేయడం మామూలు. ఈ పాప విషయంలో ఆ నాలుగోదాన్ని చివరిదాకా వెంటపడి చూడవలసి వచ్చింది. తల్లిదండ్రుల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఆ క్రమాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పాప పరిస్థితి

పాపకు ఐదో ఏట ఆస్తమా అని తేలింది. మొదట్లో జలుబు చేసినప్పుడు మాత్రమే ఆయాసం, పిల్లికూతలు వచ్చేవి. తక్కువ మోతాదు పీల్చే స్టెరాయిడ్ ఒక్కదానితోనే ఆడుకుంటూ, బడికి వెళుతూ బాగానే ఉండేది. మా దగ్గరికి రావడానికి సుమారు ఏడాది ముందు కుటుంబం మరో అద్దె ఇంటికి మారింది. మారిన కొద్ది నెలలకు జలుబు లేకపోయినా తెల్లవారుజామున దగ్గు మొదలైంది. మేము చూసేనాటికి వారంలో మూడు నాలుగు రాత్రులు నిద్రలేస్తోంది, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ దాదాపు రోజూ వాడవలసి వస్తోంది. గత ఆరు నెలల్లో నోటి ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ కోర్సు రెండుసార్లు వాడారు, అందులో ఒకసారి అత్యవసర విభాగంలో నెబులైజేషన్ కూడా ఇవ్వవలసి వచ్చింది.

నాలుగు నుంచి పదకొండేళ్ల పిల్లలకు వాడే చైల్డ్‌హుడ్ ఆస్తమా కంట్రోల్ టెస్ట్‌లో ఏడు ప్రశ్నలుంటాయి. నాలుగింటికి పిల్లలు, మూడింటికి తల్లిదండ్రులు జవాబిస్తారు. మొత్తం 27 మార్కులు, 19 లేదా అంతకు తక్కువ వస్తే ఆస్తమా అదుపులో లేనట్టు. పాపకు 14 వచ్చాయి. ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీలో ఎఫ్‌ఈవీ1, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి, ఆమె వయసుకు, ఎత్తుకు ఉండవలసిన దానిలో 78 శాతం ఉంది, శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ ఇచ్చాక ఉండవలసిన విలువలో 15 శాతం మేర పెరిగింది. శ్వాసలోని నైట్రిక్ ఆక్సైడ్ 48 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 48). పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది 35 దాటితే శ్వాసనాళాల్లో ఇయోసినోఫిల్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లరక్తకణం) తరహా వాపు ఉన్నదని భావిస్తాం. స్టెరాయిడ్ వాడుతున్న పాపలో ఈ అంకె కనిపించిందంటే మందు లోపలికి చేరనైనా లేదు, చేరినా దాన్ని మించిన ప్రేరకం రోజూ తగులుతూనైనా ఉంది. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంది. ఎదుగుదల బాగుంది, గోళ్లలో క్లబ్బింగ్ (వేళ్ల చివరలు ఉబ్బడం) లేదు, తడి దగ్గు లేదు. కాబట్టి నిర్ధారణ విషయంలో ఎక్కువ సేపు ఆగవలసిన అవసరం కనిపించలేదు. ఇది ఆస్తమానే.

చర్మంపై చేసిన ప్రిక్ పరీక్షలో ఇంటి దుమ్ము పురుగుకు 5 మిల్లీమీటర్లు, ఆల్టర్నేరియా అనే శిలీంధ్రానికి 6 మిల్లీమీటర్ల దద్దురు వచ్చింది. నెగటివ్ కంట్రోల్ కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే పాజిటివ్ అంటాం. ఆస్పర్‌జిల్లస్, క్లాడోస్పోరియం అనే మరో రెండు శిలీంధ్రాలకు, పిల్లికి, కుక్కకు నెగటివ్. ఆస్పర్‌జిల్లస్‌కు రక్తంలో ఐజీఈ (అలర్జీని సూచించే యాంటీబాడీ) కూడా లేకపోవడంతో ఆ శిలీంధ్రం వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే తీవ్రమైన అలర్జీ వ్యాధి గురించి ఇక వెతకలేదు.

ముందు ఇన్‌హేలర్

గోడ సంగతికి వెళ్లే ముందు ఇన్‌హేలర్ చూడాలి. ఇంట్లో ఎలా ఇస్తారో అలాగే మా ముందు ఇవ్వమని తల్లిని అడిగాం. ఆమె డబ్బాను ఒకసారి ఊపి, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం లాంటి స్పేసర్‌ను పాప నోటి దగ్గర పెట్టి వెంటనే నొక్కింది. పాప పెదవులు అప్పటికింకా మూసుకోలేదు. తరువాత నాలుగైదు సార్లు ఊపిరి తీసుకున్నట్టే అనిపించింది గానీ స్పేసర్ వాల్వ్ ఒక్కసారి కూడా కదలలేదు, ఎందుకంటే పాప ముక్కుతో పీలుస్తోంది. స్పేసర్ లోపలి గోడలకు తెల్లని పొర అంటుకుని ఉంది. కడిగిన ప్రతిసారీ గుడ్డతో గట్టిగా తుడుస్తున్నామని తల్లి చెప్పింది. ప్లాస్టిక్‌ను అలా రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందు కణాలు గోడలకే అతుక్కుపోతాయి. సబ్బు నీళ్లతో కడిగి తుడవకుండా గాలికి ఆరనివ్వాలి.

డోస్ కౌంటర్ మరో సంగతి చెప్పింది. పూటకు ఒక పఫ్ చొప్పున రోజుకు రెండు వాడవలసిన 120 పఫ్‌ల డబ్బా అది. తెరిచిన తేదీ పెట్టె మీద తల్లి చేతిరాతతోనే ఉంది, ఆరు వారాలు గడిచాయి. 84 పఫ్‌లు ఖర్చయి 36 మిగలాలి. కౌంటర్ 71 చూపిస్తోంది. అంటే సగానికి కాస్త ఎక్కువ మాత్రమే వాడారు. ఉదయం బడి హడావిడిలో తప్పిపోతోందని తండ్రి ఒప్పుకున్నారు. ఇలాంటి చోట మందలింపు పనికిరాదు. ఇన్‌హేలర్‌ను పళ్లు తోముకునే బ్రష్ పక్కన పెట్టమనడం దానికన్నా బాగా పనిచేస్తుంది.

ఈ దశలో స్టెరాయిడ్ మోతాదు పెంచలేదు. సగం రోజులు వాడని మందును, వాడిన రోజున కూడా ఊపిరితిత్తుల్లోకి వెళ్లని మందును, రెట్టింపు చేసి ప్రయోజనం లేదు. మాంటెలుకాస్ట్ మాత్రం ఆపాం. కొన్ని నెలలుగా పాపకు పీడకలలు, చిరాకు ఎక్కువయ్యాయని తల్లి చెప్పింది. ఈ మందుతో వచ్చే మానసిక దుష్ప్రభావాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అత్యంత తీవ్ర స్థాయి హెచ్చరిక జోడించింది. దానివల్ల మేలు కనిపించని పాపలో దాన్ని కొనసాగించడానికి కారణం కనబడలేదు.

ఇంటి గురించి అడగవలసిన తీరు

ఇంట్లో బూజు ఉందా అని నేరుగా అడిగితే లేదనే జవాబే ఎక్కువగా వస్తుంది. తల్లిదండ్రులు దాచిపెట్టడం వల్ల కాదు, అది కంటికి కనిపించని చోట పెరగడం వల్ల. అందుకే బూజు గురించి కాకుండా నీటి గురించి అడగడం నా అలవాటు. పాప పడుకునే గదికి అటువైపు ఏముంది? ఏ గోడకైనా ఈ మధ్య మళ్లీ రంగు వేయించారా, ఎందుకు వేయించారు? పెచ్చులు ఊడుతున్నాయా? గది తలుపులు రెండు రోజులు మూసి తెరిస్తే ఎలాంటి వాసన వస్తుంది? తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఊరెళ్లినప్పుడు పాప ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులే కేసును మలుపు తిప్పాయి. "బీరువా తెరిస్తే బట్టలు ముక్క వాసన వస్తాయి డాక్టర్‌గారూ, సరిగా ఆరకుండా మడత పెట్టడం వల్లేమో అనుకున్నాను" అని తల్లి అంది. ఆ బీరువా పాప మంచానికి ఆనుకునే ఉంది, దాని వెనక గోడకు అటువైపు స్నానాలగది. ఆ గోడకు ఏడాదిలో రెండుసార్లు రంగు వేయించామని తండ్రి చెప్పారు, ఆ మాటలో ఇల్లు శుభ్రంగానే ఉంచుతున్నామన్న భరోసా వినిపించింది. నాకు మాత్రం ఆ "రెండుసార్లు" అనుమానం కలిగించింది. పొడి గోడకు ఏడాదిలో రెండుసార్లు రంగు ఎవరూ వేయించరు. సెలవుల్లో అమ్మమ్మగారింట్లో ఉన్న రెండు వారాలూ పాపకు దగ్గు దాదాపు లేదు. ఈ ఒక్క ఆధారంతో ఇంటిని దోషిగా నిలబెట్టలేం, ఎందుకంటే సెలవుల్లో బడి ఉండదు, బడి లేకపోతే తోటి పిల్లల నుంచి అంటే వైరస్‌లూ తగ్గుతాయి. పైగా అక్కడ అమ్మమ్మ ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా తప్పనివ్వలేదట.

ఇంకో సంగతి మాటల మధ్యలో బయటపడింది. దగ్గుకు గాలి పొడిబారడమే కారణమని ఎవరో చెప్పగా, పాప తలగడ పక్కన గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ పెట్టి రాత్రంతా తలుపులు మూసి నడుపుతున్నారు. పిల్లల దగ్గుకు ఈ సలహా చాలా ఇళ్లలో చలామణీలో ఉంది. ఆస్తమా ఉన్న పిల్లల గదిలో, అందులోనూ చెమ్మ పట్టిన గది అయితే, దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. గాలిలో తేమ 50 శాతం దాటితే దుమ్ము పురుగులకు అనుకూలం, ఇంకా పెరిగితే బూజుకు అనుకూలం. దాన్ని ఆ రాత్రి నుంచే ఆపమన్నాం.

ఇన్‌హేలర్ సరిచేసి, హ్యుమిడిఫయర్ ఆపించి, ఆరు వారాల తరువాత రమ్మన్నాం. ఇంటిని చూడడం కావాలనే అప్పటికి వాయిదా వేశాం. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. తెలియనప్పుడు తరువాత ఏ మందు తగ్గించాలో కూడా తోచదు. పాప రాత్రిళ్లు ప్రమాదకరంగా ఉండి ఉంటే ఇలా ఆగే హక్కు మాకు ఉండేది కాదు.

ఆరు వారాలకు కౌంటర్ ప్రకారం మందు దాదాపు పూర్తిగా పడుతోంది. పాప వాల్వ్ కదిలేలా నెమ్మదిగా నోటితో పీలుస్తోంది. స్కోరు 14 నుంచి 18కి, ఎఫ్‌ఈవీ1 86 శాతానికి వచ్చాయి, నైట్రిక్ ఆక్సైడ్ 36కు దిగింది. పీడకలలు తగ్గాయి. మెరుగు స్పష్టంగానే ఉంది, కానీ వారంలో రెండు రాత్రులు ఇంకా దగ్గుతో లేస్తోంది. సరైన మందు సరైన తీరులో పడుతున్నా మిగిలిన ఈ భాగానికే ఇంట్లో కారణం వెతకాలి.

బీరువా వెనక

మా విభాగంలోని ఆస్తమా నర్సు ఆ ఇంటికి వెళ్లారు. ఆమె వెంట తీసుకెళ్లినవి గాలిలో తేమ కొలిచే రెండు చిన్న హైగ్రోమీటర్లు, ఒక టార్చి, గోడలో తడి చూసే మీటరు. చవక హైగ్రోమీటర్లు ఐదు శాతం అటూ ఇటూ చూపడం మామూలు, కాబట్టి ముందు రోజంతా రెంటినీ పక్కపక్కన ఉంచి తేడా రాసుకున్నారు. బీరువాను జరిపించగానే గోడ మీద నడుము ఎత్తు దాకా బూడిదరంగు, నలుపు కలిసిన మచ్చలు కనిపించాయి. బీరువా వెనక ప్లైవుడ్ పలక ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతోంది. కొత్త రంగు పొరలుగా లేచి ఉంది, ఆ పొర కింద పాత మచ్చ అలాగే ఉంది. మొత్తం చదరపు మీటరు కన్నా ఎక్కువే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచనల ప్రకారం పది చదరపు అడుగుల లోపు, అంటే సుమారు ఒక చదరపు మీటరు లోపు బూజును ఇంటివాళ్లే జాగ్రత్తలతో శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసినవారికి అప్పగించడం మంచిది.

"గోడ మీద చుక్క నీరు లేదు కదండీ, ఇదెలా వచ్చింది?" అని తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది డాక్టర్లు కూడా కారే నీటినే వెతుకుతారు. బూజుకు నీటి చుక్క అక్కరలేదు. ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే చాలు. ఆ రోజు గది మధ్యలో 25 డిగ్రీల సెల్సియస్ వేడి, 70 శాతం తేమ ఉన్నాయి. అదే గాలి 22 డిగ్రీలున్న గోడను తాకితే అక్కడ తేమ 84 శాతమవుతుంది, ఎందుకంటే చల్లబడిన కొద్దీ గాలి తనలో ఇముడ్చుకోగల ఆవిరి తగ్గిపోతుంది. ఆ గాలి నీటి చుక్కలుగా మారాలంటే గోడ 19 డిగ్రీలకు చల్లబడాలి. కాబట్టి చేతికి గోడ పొడిగానే తగులుతుంది, బూజు మాత్రం పెరుగుతుంది. బీరువాను గోడకు అతికించినట్టు పెట్టడం వల్ల గది గాలి అక్కడ ఆడదు, గోడ వెచ్చబడదు. బీరువా వెనక పెట్టిన రెండో హైగ్రోమీటర్ మరునాటికి 80 దాటి చూపడంలో ఆశ్చర్యం లేదు.

అయితే నర్సు అక్కడితో ఆగలేదు, ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం అదే. గాలి తేమే కారణమైతే మచ్చ గోడ పైమూలల్లోనూ ఉండాలి. ఇక్కడ పైభాగం శుభ్రంగా ఉంది, తడి నేల నుంచి పైకి ఎక్కుతోంది, పై అంచున గోధుమరంగు గీత, దాని వెంట తెల్లని ఉప్పు పొడి ఉన్నాయి. తడి మీటరు కింద ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా చూపింది. అంటే లోపల ఎక్కడో నీరు కారుతోంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకు నిండాక నీటి మీటరు దగ్గర పావుగంట నిలబడి చూడమని తండ్రికి చెప్పారు. మీటరు ముఖం మీది చిన్న ఎర్ర చక్రం ఆగకుండా, చాలా నెమ్మదిగా తిరుగుతూ ఉంది. ఆయన దాన్ని ఫోన్‌లో వీడియో తీసి పంపారు. స్నానాలగది గోడలో దాగిన గొట్టం అతుకు దగ్గర లీకవుతోందని ప్లంబర్ తరువాత తేల్చాడు.

ఏ శిలీంధ్రమో తెలుసుకోవాలా?

మచ్చ నుంచి నమూనా తీసి ల్యాబ్‌కు పంపమని తండ్రి కోరారు. వద్దన్నాను. గాలిలో ఇన్ని బీజకణాలుంటే సురక్షితం, ఇన్నుంటే ప్రమాదం అని చెప్పే ఆరోగ్య ప్రమాణం ఏదీ లేదు. ఇంటి తేమ, బూజులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా అంకె పెట్టకుండా, తేమను నివారించడమే, వచ్చిన చోట సరిచేయడమే మార్గమని చెప్పాయి. జాతి పేరు తెలిసినా చేయవలసిన పని మారదు: నీటిని ఆపాలి, తడిసినదాన్ని ఆరబెట్టాలి లేదా తీసివేయాలి.

చర్మ పరీక్షను కూడా జాగ్రత్తగా చదవాలి. పాపకు ఆల్టర్నేరియా పాజిటివ్ వచ్చింది కాబట్టి గోడ మీదున్నది అదేనని తీర్మానించడం తొందరపాటే. ఆల్టర్నేరియా ప్రధానంగా ఆరుబయటి శిలీంధ్రం, ఎండుటాకుల మీద, పంటల మీద పెరిగి గాలితో ఇంట్లోకి వస్తుంది. తడి గోడల మీద తరచుగా కనిపించే పెనిసీలియం, ఆస్పర్‌జిల్లస్, క్లాడోస్పోరియం వర్గాల్లో పరీక్షించిన రెంటికీ పాపకు అలర్జీ లేదు. మరి గోడ పాపను ఎలా ఇబ్బంది పెట్టింది? నా అంచనాలో ఒకటికి మించిన దారులున్నాయి. ఆ గది తేమలో దుమ్ము పురుగులు పెరుగుతాయి, వాటికి పాపకు అలర్జీ ఉంది. శిలీంధ్రాల పైపొరలోని గ్లూకాన్లు, అవి వదిలే వాసన పదార్థాలు అలర్జీతో సంబంధం లేకుండానే శ్వాసనాళాలను రెచ్చగొట్టగలవు. వీటిలో దేని వాటా ఎంతో ఒక్క పాపలో విడదీయలేం. నీరు ఆగితే మాత్రం అన్నీ తగ్గుతాయి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004 నివేదిక చెమ్మ ఇళ్లకూ ఆస్తమా లక్షణాలకూ సంబంధం ఉన్నదనడానికి తగిన ఆధారాలున్నాయని చెప్పింది గానీ, ఫలానా శిలీంధ్రమే కారణమని వేలెత్తి చూపలేదు.

మరమ్మతు

పాపను అదే రోజు వేరే గదికి మార్చారు. ఖర్చులేని ఈ పనిని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. మరమ్మతుకు వారాలు పట్టవచ్చు, ఈలోగా బిడ్డ ఆ గోడ పక్కన పడుకోనక్కరలేదు.

ఇల్లు అద్దెది. యజమాని మొదట బూజు నిరోధక రంగు వేయిస్తానన్నారు. తడి గోడ మీద ఏ రంగు వేసినా కొద్ది నెలల్లో పొరలుగా లేస్తుంది, ఈ గోడ అప్పటికే ఆ సంగతి రెండుసార్లు రుజువు చేసింది. కుటుంబం కోరగా యజమానికి ఒక లేఖ ఇచ్చాం. అందులో బూజు ఎంత ప్రమాదకరమో అని భయపెట్టలేదు. పాపకు ఆస్తమా ఉందని, పడకగది గోడలో ఫలానా చోట తడి ఉందని, నీటి మీటరు ఆగడం లేదని, గొట్టం మరమ్మతు చేసి గోడ ఆరాకే ప్లాస్టరింగ్ చేయాలని నాలుగు వాక్యాల్లో రాశాం. డాక్టర్ లేఖలో రోగం గురించి పేజీలకు పేజీలు ఉండే కన్నా నీరు ఎక్కడుందో స్పష్టంగా ఉంటే యజమానులు త్వరగా కదులుతారన్నది నా అనుభవం. ఈయన కదిలారు.

గొట్టం అతుకు మార్చారు. తడిసిన ప్లాస్టరింగ్‌ను మచ్చ అంచు దాటి మరికొంత మేర చెక్కేశారు. ప్లైవుడ్ పలకను, ఆ గోడకు ఆనుకుని మచ్చలు పడిన పరుపును ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బయటికి చేరవేసి పారేశారు. నీరు పీల్చుకునే వస్తువుల్లో బూజు పోగులు లోతుకు వెళతాయి, పైపైన తుడిస్తే పోవు. బీరువా లోహపు భాగాలను డిటర్జెంట్ నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టారు. బట్టలను, బొమ్మలను 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికారు, దుమ్ము పురుగులు చావడానికి ఆ వేడి కావాలి. పనివాళ్లు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నారు. గది తలుపును ప్లాస్టిక్ షీటుతో మూసి, కిటికీ బయటికి తెరిచారు.

బ్లీచింగ్ ద్రావణం చల్లుతామన్న ప్రతిపాదనను ఆపించాం. చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగిస్తుంది, కాబట్టి చంపడం కాదు, తొలగించడం ముఖ్యం. బ్లీచ్ ఆవిరే ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పిస్తుంది, అమోనియా ఉన్న క్లీనర్‌తోనో ఆమ్లంతోనో కలిస్తే విషవాయువులు పుడతాయి. ఓజోన్ యంత్రాల ప్రకటన ఒకటి తండ్రి చూపించారు. ఓజోన్ స్వయంగా ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు, దాని జోలికి పోవద్దన్నాం. హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ సంగతి వేరు, గాలిలో తేలే కణాలను అది పట్టుకుంటుంది. కానీ గోడలో నీరు పారుతుండగా అది పెట్టడం అసలు పనిని వాయిదా వేసే సాకు కావచ్చు.

అసలు ఒత్తిడి వచ్చింది ఆరబెట్టే దశలో. గొట్టం బాగైన మరునాడే ప్లాస్టరింగ్ చేసి పని ముగించాలని మేస్త్రీ తొందరపడ్డాడు. తడి ఇటుక మీద ప్లాస్టరింగ్ చేస్తే తడి లోపలే బందీ అయిపోతుంది. ఇదే ఇంట్లో ఎన్నడూ తడవని మరో గోడ మీద తడి మీటరు ఎంత చూపుతుందో రాసుకుని, చెక్కిన గోడ ఆ అంకెకు దిగేదాకా ఆగమని నర్సు పట్టుబట్టారు. ఆ మీటర్లను చెక్క కోసం రూపొందించారు కాబట్టి ఇటుక మీద వచ్చే శాతాన్ని ఉన్నదున్నట్టు నమ్మలేం, ఒకే ఇంట్లోని రెండు గోడలను పోల్చడానికే అవి పనికొస్తాయి. గోడ ఆరడానికి నెల పైనే పట్టింది. నీళ్లు ఒలికిన చోటును 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే బూజు పట్టదంటారు గానీ, నెలల తరబడి తడిసిన ఇటుకకు ఆ లెక్క వర్తించదు.

ఆ నెలలో ఒక సాయంత్రం పాప పుస్తకాల కోసం ఆ గదిలోకి వెళ్లి కాసేపు ఉంది. ఆ రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చాయి, రిలీవర్‌తో తగ్గాయి. చెక్కిన సిమెంటు దుమ్ము ఒక్కటే దానికి కారణమై ఉండవచ్చు, బూజుకు రుజువుగా దీన్ని నేను లెక్కలోకి తీసుకోను. మరమ్మతు జరిగే రోజుల్లో పిల్లలను ఆ గదికి, వీలైతే ఆ ఇంటికే దూరంగా ఉంచాలన్న జాగ్రత్తకు మాత్రం ఇది ఉదాహరణ.

ఫలితం, దాని పరిమితులు

కొత్త ప్లాస్టరింగ్ అయ్యాక బీరువాను గోడకు జానెడు దూరంలో పెట్టారు. స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్నానం తరువాత కూడా కొంతసేపు తిరుగుతుంది. తడి బట్టలు గదిలో ఆరేయడం మానేశారు. హైగ్రోమీటర్ గదిలోనే ఉంది, ఎక్కువ రోజులు 50కి కాస్త అటూ ఇటూ చూపుతోంది, 60 దాటితే ఏం చేయాలో పాపకే తెలుసు.

మరమ్మతు పూర్తయిన మూడు నెలలకు స్కోరు 23, ఎఫ్‌ఈవీ1 95 శాతం, నైట్రిక్ ఆక్సైడ్ 22 ఉన్నాయి. రాత్రి దగ్గు లేదు. రిలీవర్ వారానికి ఒకసారి కూడా అవసరం పడలేదు. మధ్యలో ఒక వైరల్ జలుబుతో రెండు రోజులు ఆయాసపడింది గానీ నోటి ద్వారా స్టెరాయిడ్ ఇవ్వవలసిన అవసరం రాలేదు. మోతాదు పెంచమని వచ్చిన పాపకు మోతాదు పెంచకుండానే ఇది సాధ్యమైంది.

దీన్ని మరమ్మతు విజయంగా మాత్రమే చదవకూడదు. రోగం బాగా ముదిరినప్పుడే తల్లిదండ్రులు పెద్ద డాక్టర్ దగ్గరికి వస్తారు, ఆ తరువాత ఏమీ చేయకపోయినా కొంత తగ్గుముఖం పట్టడం సహజం. రుతువు మారింది. మెరుగుదలలో మొదటి భాగం, బహుశా పెద్ద భాగం, ఇన్‌హేలర్ సరిచేయడంతోనే వచ్చింది. పాపను గది మార్చడం, హ్యుమిడిఫయర్ ఆపడం, పరుపు పారేయడం, గోడ ఆరడం, వీటి వాటాలు వేరు చేయలేం.

ఒక్క కేసు చెప్పలేనిదాన్ని కొంతవరకు పరిశోధనలు చెబుతాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బూజు ఉన్న ఇళ్లలో నివసించే 62 మంది ఆస్తమా పిల్లలపై జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. ఒక వర్గం ఇళ్లలో నీటి మూలాలను సరిచేశారు, రెండో వర్గానికి సలహాలు మాత్రమే ఇచ్చారు. మరమ్మతు పూర్తయ్యాక ఆ వర్గంలోని 29 మందిలో ఒకరికే ఆస్తమా తీవ్రమవగా, రెండో వర్గంలో 33 మందిలో 11 మందికి తీవ్రమైంది. అధ్యయనం చిన్నది, ఎవరి ఇంటికి మరమ్మతు జరిగిందో ఆ కుటుంబానికి తెలియకుండా దాచడం అసాధ్యం. ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష కూడా పిల్లల్లో అత్యవసర వైద్యానికి వెళ్లడం తగ్గుతుందనడానికి ఓ మోస్తరు ఆధారమే ఉందని తేల్చింది. అందువల్ల మందు మానేసి గోడ బాగుచేయమని ఎవరికీ చెప్పను. మందు సరిగా పడుతున్నా అదుపు రాని బిడ్డ విషయంలో మోతాదు పెంచే ముందు గోడ చూడమంటాను.

పాపకు ఆస్తమా పోలేదు, దుమ్ము పురుగుకు, ఆల్టర్నేరియాకు ఉన్న అలర్జీ అలాగే ఉంది. మూడు నెలలు అదుపులో ఉన్నందున దీర్ఘకాలం పనిచేసే బ్రాంకోడైలేటర్‌ను తీసివేసి, తక్కువ మోతాదు పీల్చే స్టెరాయిడ్ ఒక్కదానిపై ఉంచాం. ఆరుబయట శిలీంధ్ర బీజకణాలు ఎక్కువగా ఉండే కాలం ఇంకా ముందుంది కాబట్టి అది గడిచేదాకా అంతకన్నా తగ్గించం. ఆ కాలంలో లక్షణాలు తిరిగి వస్తే ముందు కౌంటర్, తరువాత హైగ్రోమీటర్, ఆ తరువాతే మోతాదు చూడాలని ఆమె ఆస్తమా యాక్షన్ ప్లాన్‌లో రాసి, ఒక ప్రతిని పంపిన డాక్టర్‌కూ అందజేశాం.